వేగం కంటే ముందు ఆగడం: రిమోట్ కారును వేగపు పరుగుకు సిద్ధం చేసే క్రమం

రిమోట్ కారు వేగాన్ని పెంచదలచిన ఔత్సాహికుడు సాధారణంగా మొదట మోటారును మారుస్తాడు, తరువాత పెద్ద బ్యాటరీ కొంటాడు, ఆ రెండూ కలిసి టైరునో గేరునో పగలగొట్టిన తరువాత గానీ మిగిలిన భాగాల వైపు చూడడు. ఈ అధ్యాయం ఆ వరుసను తలకిందులు చేసి, బండిని ఆపడంతో మొదలుపెట్టి మోటారు దాకా వెళ్లడం ఎందుకు మేలో, ఒక్కొక్క దశలో చేయవలసిన పని ఏమిటో వివరిస్తుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో ఉండేవారికి అందుబాటులో ఉన్న పనిముట్లు, స్థలాలు, అక్కడి ఎండలు దృష్టిలో పెట్టుకుని రాసినందువల్ల, విదేశీ మార్గదర్శకాల్లో కనిపించని కొన్ని జాగ్రత్తలకు ఇందులో ఎక్కువ చోటు దక్కింది.

ఈ తలకిందుల వరుస సిరిసిల్లకు కొత్తదేమీ కాదు. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. నిమిషానికి సుమారు 100 నుంచి 150 సార్లు నాడె అటూ ఇటూ పరుగెత్తే సాధారణ సాంచాకు మోటారు పుల్లీని కొంచెం పెద్దది చేస్తే వేగం వెంటనే పెరుగుతుంది గానీ, నాడెను కొట్టే పికర్, దాన్ని అవతలి పెట్టెలో నిలిపే అడ్డు, పోగు తెగినప్పుడు మగ్గాన్ని ఆపే ఏర్పాటు పాత వేగానికే తయారైనవి కాబట్టి గుడ్డలో లోపాలు పెరుగుతాయి, ఒక్కొక్కసారి నాడె మగ్గం దాటి బయటికి ఎగురుతుంది. కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖ 2017 ఏప్రిల్ 1న ప్రారంభించిన పవర్‌టెక్స్ ఇండియా పథకంలో పాత మగ్గాలను ఉన్నచోటనే మెరుగుపరిచే భాగం ఒకటి ఉండేది. అందులో అమర్చదగిన పరికరాలను చూస్తే పడుగు పోగు తెగితే మగ్గాన్ని ఆపేది, పేక పోగు తెగితే ఆపేది, మెరుగైన బ్రేకు అనేవి ముందుకు వస్తాయి. మగ్గాన్ని ఆధునికం చేయడంలో సగం పని దాన్ని సరైన క్షణంలో ఆపడానికే ఖర్చవుతుందని సాంచాల మరమ్మతు తెలిసిన ఏ పనివాడైనా ఒప్పుకుంటాడు. అరచేతి వెడల్పు చక్రాలతో గంటకు 100 కిలోమీటర్లు దాటే బండికి ఈ లెక్క ఇంకా గట్టిగా వర్తిస్తుంది.

ముందుగా బండి ఎంపిక. బజారులో దొరికే రిమోట్ కార్లలో రెండు జాతులున్నాయి. మొదటిది బొమ్మ జాతి: దాని సర్క్యూట్ బోర్డు మీదనే రిసీవర్, వేగ నియంత్రణ కలిసిపోయి ఉంటాయి, స్టీరింగు పూర్తిగా ఎడమకో పూర్తిగా కుడికో తిరుగుతుంది తప్ప మధ్యలో ఆగదు, ఒక భాగం చెడితే విడిగా కొనడానికి దొరకదు. రెండవది అభిరుచి జాతి, అంటే హాబీ గ్రేడ్: అందులో మోటారు, ఈఎస్‌సీ, రిసీవర్, స్టీరింగును తిప్పే సర్వో వేరువేరు భాగాలుగా ఉండి, ఒక్కొక్కటీ మార్చడానికి వీలవుతుంది. ఈఎస్‌సీ అంటే ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్, బ్యాటరీ నుంచి మోటారుకు వెళ్లే విద్యుత్తును ట్రిగ్గర్ నొక్కుడుకు తగినట్టు కొలిచి వదిలే పరికరం. బొమ్మ జాతి బండిని వేగపు పరుగుకు మార్చాలని డబ్బు పెట్టడం వృథా అని నిర్మొహమాటంగా చెప్పవచ్చు. చౌకగా మొదలుపెట్టదలచినవారికి 1/14 స్కేలులో, 7.4 వోల్టుల బ్యాటరీతో, బ్రష్డ్ మోటారుతో వచ్చే డబ్ల్యూఎల్‌టాయ్స్ 144001 వంటి బండి చాలు. తయారీదారు దానికి గంటకు 60 కిలోమీటర్ల వేగం చెబుతాడు. మరో కొసన ట్రాక్సాస్ ఎక్స్ఓ-1, ఆర్మా లిమిట్‌లెస్ వంటి 1/7 స్కేలు బండ్లు గంటకు 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు దాటేందుకే తయారయ్యాయి గానీ, అవి చేతికి వచ్చిన మొదటి వారంలోనే గోడకు గుద్దుకునేవి. 1/10 లేదా 1/8 స్కేలు, నాలుగు చక్రాలకూ శక్తి అందే డాంబర్ రోడ్డు బండి నేర్చుకోవడానికి తగినది.

ఇక మొదటి దశ, ఆపడం. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 27.8 మీటర్లు. బండిని నడిపేవాడు ప్రమాదాన్ని గమనించి వేలు కదిపే పావు సెకనులో అది దాదాపు 7 మీటర్లు ముందుకు పోతుంది. ఆ తరువాత నాలుగు టైర్లూ రోడ్డును గట్టిగా పట్టుకున్నా ఆగడానికి మరో 56 మీటర్లు కావాలి. రోడ్డు మీద సన్నని దుమ్ము ఉండి పట్టు తగ్గితే అదే దూరం 98 మీటర్లకు పెరుగుతుంది. ఇదే బండి 60 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు మంచి రోడ్డు మీద 20 మీటర్లలో ఆగగలదు. వేగం రెట్టింపయితే ఆగే దూరం నాలుగింతలు అవుతుందన్న సూత్రం బడిలో చదివినదే అయినా, దాన్ని టేపుతో రోడ్డు మీద కొలిచి చూసినప్పుడు గానీ అది మనసుకు పట్టదు. పరుగు అందుకోవడానికి 80 మీటర్లు, వేగాన్ని నిలబెట్టడానికి 40 మీటర్లు, ఆగడానికి 100 మీటర్లు, చివర్లో పొరపాటుకు మరో 30 మీటర్లు కలిపితే, 250 మీటర్ల తిన్నని, చదునైన, ఖాళీ రోడ్డు లేకుండా 100 కిలోమీటర్ల మాట ఎత్తకూడదు.

ఆ రోడ్డు ఎక్కడ దొరుకుతుందన్నది ఈ ప్రాంతంలో మోటారు ఎంపిక కంటే కష్టమైన ప్రశ్న. జగిత్యాల, కోరుట్ల మీదుగా సాగే 63వ నంబరు జాతీయ రహదారి నున్నగా కనిపించినా, అక్కడ గానీ మరే ప్రజా రహదారి మీద గానీ ఇటువంటి బండిని నడపడం ఆలోచించదగిన విషయమే కాదు. నాలుగు కిలోల బండి 100 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు అందులోని శక్తి, 50 కిలోల సిమెంటు బస్తా ఒక అంతస్తు ఎత్తు నుంచి పడినప్పటి శక్తికి సమానం; అది ద్విచక్ర వాహనం ముందు చక్రానికి తగిలితే ఏమవుతుందో ఊహించవచ్చు. ఇతరుల ప్రాణానికి, భద్రతకు ముప్పు తెచ్చే నిర్లక్ష్యపు చర్యలకు 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 125వ సెక్షన్ వర్తిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. పల్లె రోడ్ల విషయం వేరు: వానాకాలం, యాసంగి కోతలు ముగిసిన వారాల్లో వాటి మీద వడ్లు, మక్కలు ఆరబోసి ఉంటాయి, రైతులు రాత్రి కూడా కుప్పల పక్కనే పడుకుంటారు, కుప్పలు ఎత్తిన తరువాత మిగిలిన గింజలు, పొట్టు టైరు పట్టును సగానికి తగ్గిస్తాయి. ఆచరణలో మిగిలేవి రెండు మూడు చోట్లే. పట్టణాల అంచున ప్లాట్లుగా విభజించి, రోడ్లు వేసి, ఇళ్లు ఇంకా లేవని వెంచర్లు ఒకటి; యజమాని అనుమతితో, ఉదయం పూట, రెండు కొసల్లోనూ ఒక్కొక్క మనిషిని నిలబెట్టి వాటిని వాడుకోవచ్చు. కళాశాలల లోపలి రోడ్లు మరొకటి; జగిత్యాల జిల్లా నాచుపల్లి దగ్గర 2007లో మొదలైన జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల వంటి చోట చదివే విద్యార్థులు దీన్ని ఒక ప్రాజెక్టుగా రాసి ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు పెట్టుకోవడం, సెలవు రోజున దొంగచాటుగా నడపడం కంటే ఎంతో మేలు. సరుకు రాని కాలంలో మార్కెట్ యార్డుల సిమెంటు నేల కూడా పనికివస్తుంది గానీ, అక్కడ పొడవు చాలక 60 కిలోమీటర్ల దగ్గరే ఆగవలసి ఉంటుంది.

ఆపడంలో రెండవ భాగం రేడియో. నేటి ట్రాన్స్‌మిటర్లు దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం మీద పనిచేస్తాయి. నిర్ణీత శక్తికి లోబడి ఈ పట్టీని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2005 జనవరిలో అనుమతించింది. వైఫై కూడా ఇదే పట్టీని వాడుతుంది కాబట్టి, రూటర్లు కిక్కిరిసిన హాస్టల్ పక్కన పరుగు పెట్టడం తగదు. సంకేతం తెగిపోయినప్పుడు రిసీవర్ తనంతట తాను ఏమి చేయాలో ముందే నేర్పి పెట్టే ఏర్పాటును ఫెయిల్‌సేఫ్ అంటారు. సాంచాలో పోగు తెగితే పడే ఆపుడు మీట ఏ పని చేస్తుందో రిమోట్ కారులో ఫెయిల్‌సేఫ్ ఆ పని చేస్తుంది. దాన్ని సగం బ్రేకుకు అమర్చి, బండిని ఇటుక మీద ఎత్తి పెట్టి, చక్రాలు నెమ్మదిగా తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్‌ను ఆపివేసి చూడాలి. చక్రాలు వెంటనే నిలవకపోతే ఆ రోజు బండి నేల మీదకు దిగకూడదు. రోజూ పరుగుకు ముందు ట్రాన్స్‌మిటర్‌ను మొదట వెలిగించి తరువాత బండిని, ముగిశాక బండిని మొదట ఆపి తరువాత ట్రాన్స్‌మిటర్‌ను ఆపే అలవాటు చేసుకోవాలి. కార్బన్ ఫైబర్ పలక రేడియో తరంగాలను అడ్డగిస్తుంది కాబట్టి, అటువంటి ఛాసిస్ ఉన్న బండిలో రిసీవర్ ఏంటెనా కొసను పలకకు దూరంగా, చిన్న ప్లాస్టిక్ గొట్టంలో నిలువుగా నిలపాలి. బ్రేకు బలం కూడా ఈఎస్‌సీలోనే అమరుతుంది. దాన్ని ఒక్కసారిగా నూరు శాతానికి పెడితే చక్రాలు బిగుసుకుని బండి బొంగరమవుతుంది కనుక, 30 శాతంతో మొదలుపెట్టి చక్రాలు జారని హద్దు దాకా మెల్లగా పెంచుకోవాలి.

రెండవ దశ టైరు. వేగపు పరుగులో ఎక్కువ బండ్లు చెడేది ఇక్కడే కనుక దీని మీద కొంత నిలవడం అవసరం. 65 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న టైరు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి 8,160 సార్లు తిరుగుతుంది. ఆ తిరుగుడులో టైరు అంచున ఉన్న ప్రతి గ్రాము రబ్బరును బయటికి లాగే బలం దాదాపు 2.4 కిలోల బరువుకు సమానం. నిజమైన కారు టైరు ఇదే వేగంలో దీని తొమ్మిదో వంతు బలాన్ని కూడా చూడదు, ఎందుకంటే వేగం ఒకటే అయినప్పుడు చక్రం చిన్నదయ్యే కొద్దీ ఈ లాగుడు పెరుగుతుంది. ఫలితంగా మెత్తని రబ్బరు టైరు మధ్యలో ఉబ్బి, అంచులు రోడ్డును వదిలి, సైకిలు టైరులా సన్నని గీత మీద పరుగెత్తుతుంది. పట్టు పోతుంది, వ్యాసం పెరగడం వల్ల గేరు లెక్క తప్పుతుంది, చివరికి రబ్బరు రిమ్ము నుంచి ఊడి బాడీని చీల్చుకుని పోతుంది. దీనికి మూడు మందులున్నాయి. లోపలి వైపు నారపట్టీ వేసి తయారుచేసిన బెల్టెడ్ టైర్లు కొనడం మొదటిది, అన్నిటికంటే నమ్మదగినది. మామూలు టైరునే విప్పి, లోపలి గోడకు గాజునార పోగులున్న ప్యాకింగ్ టేపును రెండు మూడు చుట్లు సమంగా చుట్టడం రెండవది. చుట్టు ఒక పక్కకు పోతే చక్రం సమతూకం తప్పుతుంది కాబట్టి ఓపిక కావాలి. రబ్బరు స్పాంజిని రిమ్ముకు అంటించి, అరగదీసి గుండ్రంగా చేసిన ఫోమ్ టైర్లు మూడవది. ఇవి దాదాపు ఉబ్బవు గానీ, కంకర తేలిన రోడ్డు మీద ముక్కలుగా రాలిపోతాయి. ఏ టైరైనా రిమ్ముకు అంటించడానికి ఫెవిక్విక్ రకపు జిగురే వాడతారు. అంటించే ముందు రెండు అంచుల్లోని జిడ్డును స్పిరిట్‌తో తుడవకపోతే అది మొదటి పరుగులోనే వదిలిపోతుంది.

చక్రాల సమతూకాన్ని సరిచూడడానికి ప్రత్యేక యంత్రం అవసరం లేదు. అడ్డంగా ఉంచిన నునుపైన ఇరుసు మీద చక్రాన్ని వేలాడదీసి వదిలితే బరువైన వైపు ఎప్పుడూ కిందికే వచ్చి ఆగుతుంది. ఎదుటి వైపు లోపలి గోడకు కొద్దిగా బంకమట్టి వంటి పుట్టీ అంటిస్తూ, ఎక్కడ తిప్పి వదిలినా అక్కడే నిలిచేదాకా సరిచేయాలి. ఇరుసుల బేరింగులను విప్పి, కడిగి, కుట్టుమిషన్ నూనె చుక్క వేసి తిరిగి అమర్చడం, ప్లాస్టిక్ బుష్షులు ఉంటే వాటి స్థానంలో బాల్ బేరింగులు వేయడం కూడా ఈ దశలోనే పూర్తి చేసుకోవాలి.

తరువాత గేర్లు. మోటారు ఇరుసు మీద ఉండే చిన్న పళ్లచక్రాన్ని పినియన్ అని, అది తిప్పే పెద్ద పళ్లచక్రాన్ని స్పర్ అని అంటారు. మోటారు ఎన్నిసార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుందో చెప్పే సంఖ్య తుది నిష్పత్తి. అది స్పర్ పళ్లను పినియన్ పళ్లతో భాగించి, బండి లోపలి గేర్ల నిష్పత్తితో గుణిస్తే వస్తుంది. బ్రష్‌లెస్ మోటారు, అంటే కార్బన్ బ్రష్షులు లేకుండా ఈఎస్‌సీయే తీగచుట్లలో ప్రవాహాన్ని మార్చి తిప్పే మోటారు, ఒక వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలిపే సంఖ్యను కేవీ అంటారు. ఉదాహరణకు 3000 కేవీ మోటారుకు 11.1 వోల్టుల బ్యాటరీ ఇస్తే అది బరువు లేనప్పుడు 33,300 చుట్లు తిరుగుతుంది. స్పర్‌కు 54 పళ్లు, పినియన్‌కు 18 పళ్లు, లోపలి నిష్పత్తి 2.6 అయితే తుది నిష్పత్తి 7.8; పై 65 మిల్లీమీటర్ల టైరుతో లెక్కవేస్తే గంటకు 52 కిలోమీటర్లు వస్తుంది. పినియన్‌ను 27 పళ్లకు పెంచితే నిష్పత్తి 5.2కు దిగి, అదే మోటారు, అదే బ్యాటరీ 78 కిలోమీటర్లను కాగితం మీద చూపిస్తాయి. గాలి, రాపిడి, బ్యాటరీ వోల్టేజి కుంగుడు కలిసి రోడ్డు మీద ఇందులో సుమారు ఐదింట నాలుగు వంతులే దక్కనిస్తాయి. కొన్ని వందల రూపాయల పినియన్‌తో వచ్చే వేగాన్ని వదిలి వేల రూపాయల మోటారు వైపు పరుగెత్తడం ఎంత తొందరపాటో ఈ లెక్కే చెబుతుంది.

అయితే పినియన్‌ను 18 నుంచి ఒక్కసారిగా 27కు పెంచకూడదు. పళ్లు పెరిగే కొద్దీ మోటారు మీద బరువు, అది లాగే ప్రవాహం, పుట్టే వేడి పెరుగుతాయి కాబట్టి, ఒకటి రెండు పళ్ల చొప్పున పెంచుతూ ప్రతి పరుగు తరువాత మోటారును, ఈఎస్‌సీని తాకకుండా వేడి కొలిచే థర్మామీటర్‌తో చూడాలి. కరోనా కాలంలో ఇంటింటికీ చేరిన నుదుటి థర్మామీటర్ దీనికి చాలదు, అది జ్వరపు హద్దు దాటి చూపలేదు. ఎలక్ట్రికల్ పనివాళ్లు వాడే రకం కావాలి. మోటారు లోపలి నియోడిమియం అయస్కాంతాల్లో సాధారణ రకానికి 80 డిగ్రీల సెల్సియస్ హద్దు, అది దాటితే అయస్కాంత బలంలో కొంత భాగం తిరిగి రాకుండా పోతుంది కనుక, పైపెంకు 70 డిగ్రీలు చూపగానే ఒక పన్ను వెనక్కి తగ్గడం క్షేమం. పినియన్, స్పర్ పళ్ల కొలత ఒకటే జాతికి చెందాలి. మాడ్యూల్ 1 పళ్లను మాడ్యూల్ 0.8 పళ్లతో కలిపితే అవి ఒకదాన్నొకటి నమిలేస్తాయి. రెండింటి మధ్య సందును సరిచేయడానికి పళ్ల నడుమ సన్నని నోటుబుక్ కాగితం ముక్కను పెట్టి, నొక్కి, మోటారు మరలు బిగించి, కాగితాన్ని తిప్పి బయటికి తీయాలి. అది చిరగకుండా, మడతలు స్పష్టంగా పడి వస్తే సందు సరిపోయినట్టు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి నల్ల పరంధాములు పేరు తెచ్చిన సిరిసిల్లలో, మిల్లీమీటరులో పదోవంతు విలువ గురించి పొడిగించి చెప్పనక్కరలేదు. మోటారు కూర్చునే పలకకు, ఇరుసు స్పేసర్లకు ఏ లేత్ షాపైనా సరిపోతుంది గానీ, బ్రష్‌లెస్ మోటారును రీవైండింగ్‌కు ఇవ్వడం మాత్రం వద్దు. పంపుసెట్ మోటారుకు చుట్టే చేతికి ఎంత నేర్పున్నా, నిమిషానికి ముప్పై వేల చుట్లు తిరిగే ఈ జాతికి అవసరమైన తీగ మందం, బిగువు, తూకం వేరు.

గాలి సంగతి. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని ఛేదించడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 50 నుంచి 100కు వెళ్లాలంటే గాలి కోసం ఎనిమిదింతల శక్తి కావాలన్నమాట. లారీ, జీపు ఆకారపు బాడీలను పక్కనబెట్టి, ముక్కు నేలకు ఆనేంత దగ్గరగా వంగిన తక్కువ ఎత్తు బాడీ వేయాలి. ముందు భాగం వెనుక కంటే కొంచెం కిందికి ఉండాలి, లేకపోతే గాలి కిందికి దూరి బండిని గాలిపటంలా లేపి వెనక్కి విసురుతుంది. బాడీ అంచులు వేగానికి లోపలికి నొక్కుకుపోకుండా లోపలి వైపు టేపుతో బలపరచాలి, స్క్రూలు బయటకు పొడుచుకు రాకుండా చూడాలి. వెనుక చక్రాలు రెండూ పై నుంచి చూసినప్పుడు లోపలి వైపు 2 నుంచి 3 డిగ్రీలు మొగ్గితే బండి తిన్నగా పోతుంది. బండి పక్కకు తిరగబోతున్నట్టు గుర్తించి స్టీరింగును తానే సరిచేసే జైరోస్కోప్ మంచి సహాయమే గానీ, దాని తీవ్రతను ఎక్కువ పెడితే ముందు చక్రాలు ఇటూ అటూ వణుకుతాయి. ట్రాన్స్‌మిటర్‌లో స్టీరింగు గరిష్ఠ తిప్పుడును సగానికి తగ్గించుకోవడం మరచిపోయినవాడికి జైరో కూడా తోడు రాదు.

ఇన్ని పనుల తరువాతనే బ్యాటరీ, మోటారు వంతు. లిథియం పాలిమర్ బ్యాటరీలో, వాడుకలో లైపో అనే దానిలో, ఒక్కొక్క సెల్ సగటు వోల్టేజి 3.7, నిండినప్పుడు 4.2; మూడు సెల్స్ వరుసగా కలిపితే 3ఎస్ అని, 11.1 వోల్టులు అని రాస్తారు. సెల్స్ సంఖ్య పెంచే ముందు ఈఎస్‌సీ ఎన్ని సెల్స్‌ను భరిస్తుందో దాని మీద చదవాలి. మూడు సెల్స్ హద్దున్న దానికి నాలుగు తగిలిస్తే పొగ రావడానికి ఒక క్షణం చాలు. వాడేటప్పుడు ఏ సెల్ కూడా 3.2 వోల్టుల కిందికి దిగకుండా ఈఎస్‌సీలోని కటాఫ్‌ను అమర్చుకోవాలి. ఈ ప్రాంతపు కుటుంబాల్లో దుబాయి, మస్కట్, సౌదీలలో పనిచేసేవారు చాలామంది ఉన్నందువల్ల మంచి బండ్లు, బ్యాటరీలు వారి సామానులోనే రావడం మామూలైంది. వారికి పంపే జాబితాలో ఒక మాట తప్పక రాయాలి. విడి లైపోలను విమానంలో చేతిసంచిలోనే తేవాలి, చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు. 100 వాట్-గంటల దాకా ముందస్తు అనుమతి లేకుండా, 100 నుంచి 160 దాకా విమాన సంస్థ అనుమతితో మాత్రమే తీసుకురావచ్చు. 11.1 వోల్టుల, 5000 మిల్లీఆంపియర్-గంటల బ్యాటరీ 55.5 వాట్-గంటలు కాబట్టి ఇబ్బంది లేదు; అదే సామర్థ్యంలో ఆరు సెల్స్ బ్యాటరీ 111కు చేరి అనుమతి గీతను దాటుతుంది.

ఛార్జింగ్ విషయంలో సిరిసిల్ల పాఠకులకు ఒక ప్రత్యేక హెచ్చరిక అవసరం. సాంచాలు నడిచే షెడ్డులో గాని, నూలు కండెలు, బీములు ఉంచిన ఇంటి గదిలో గాని లైపోను ఛార్జికి పెట్టకూడదు. పొంగిన లేదా గుద్దుకుని నలిగిన లైపో ఒకసారి అంటుకుంటే కొన్ని సెకన్లలో మంటలు ఎగజిమ్ముతాయి, అక్కడ గాలిలో ఎగిరే నూలు నుసే వాటికి వత్తి అవుతుంది. ఆరుబయట సిమెంటు నేల మీద, మూత వదులుగా ఉంచిన రేకు డబ్బాలో, పక్కన ఒక బకెట్ ఇసుకతో, మనిషి కళ్ల ముందు మాత్రమే ఛార్జి చేయాలి. 5000 మిల్లీఆంపియర్-గంటల బ్యాటరీకి 5 ఆంపియర్ల ప్రవాహం మించకూడదు. ఛార్జి చేసేటప్పుడు బ్యాటరీ వేడి 45 డిగ్రీలకు లోపల ఉండాలని సాధారణ నియమం, కాగా జగిత్యాల జిల్లాలో మే నెల గాలి వేడే 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. ఆ కాలంలో డాంబర్ రోడ్డు ఉపరితలం 60 డిగ్రీలు దాటి టైరును జిగటగా మారుస్తుంది, మోటారు చల్లబడడానికి చుట్టూ చల్లని గాలే ఉండదు. అందువల్ల మార్చి చివరి నుంచి తొలకరి దాకా పరుగులన్నీ సూర్యోదయం తరువాత మొదటి గంటలో ముగించడం, రోజుకు నాలుగైదుకు మించకుండా, ఒక్కొక్కదాని మధ్య మోటారు చల్లబడేంత విరామం ఇవ్వడం మంచిది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉన్న చలికాలమే ఇక్కడ వేగపు పరుగుకు అసలైన రుతువు.

ఇక కొలత. బండి వేగాన్ని పదితో గుణించి, 1/10 బండి 100 కిలోమీటర్లు పోతే అది నిజమైన కారుకు 1,000 కిలోమీటర్లతో సమానమని చెప్పుకునే అలవాటు ఒకటుంది. గాలికి గాని టైరుకు గాని స్కేలు తెలియదు కనుక ఆ లెక్కకు అర్థం లేదు. బాడీ లోపల అమర్చే చిన్న జీపీఎస్ మీటరు చూపే అంకెనే నమ్మాలి, అదీ రెండు దిక్కులా పరుగు తీసి సగటు వేసినప్పుడే, ఎందుకంటే వెనుక నుంచి వీచే గాలి ఒక దిక్కున ఇచ్చిన దానాన్ని మరో దిక్కున వసూలు చేస్తుంది. ఫోనును బండిలో కట్టి కొలవడం అటు ఫోనుకు, ఇటు తూకానికి చేటు. 2014 నాటికే ప్రపంచంలో ఈ విద్య ఎంత దూరం పోయిందో తెలుసుకోవాలనుకునేవారికి ఒక అంకె చాలు: అమెరికాలోని యూటా రాష్ట్రంలో సెయింట్ జార్జ్ పట్టణం దగ్గర 2014 అక్టోబరు 25న నిక్ కేస్ అనే ఔత్సాహికుడు బ్యాటరీతో నడిచే తన సొంత నిర్మాణపు బండిని గంటకు 325.12 కిలోమీటర్ల వేగంతో నడిపి గిన్నిస్ రికార్డులోకి ఎక్కాడు. అదే మనిషి పేరు మీద అంతకు ఆరేళ్ల ముందు, 2008లో, సుమారు 260 కిలోమీటర్ల రికార్డు ఉంది. మిగిలిన 65 కిలోమీటర్ల కోసం అతనికి ఆరేళ్లు పట్టాయి.

ఈ అభిరుచిలోకి కొత్తగా వచ్చేవారు బండితోపాటు ఒక నోటుబుక్ కూడా కొనాలి. తేదీ, సమయం, గాలి వేడి, గాలి వీచే దిక్కు, పినియన్ పళ్లు, టైరు రకం, పరుగుకు ముందు వెనుక ఒక్కొక్క సెల్ వోల్టేజి, మోటారు వేడి, రెండు దిక్కుల వేగం, ఆగడానికి పట్టిన దూరం అందులో రాయాలి. ఒకసారి ఒక్క మార్పే చేయాలి, లేకపోతే లాభం దేనివల్ల వచ్చిందో తేలదు. పరుగుల రోజు ముగిశాక ప్రతి సెల్‌ను 3.8 వోల్టుల నిల్వ స్థాయికి తెచ్చి, బ్యాటరీని రేకు డబ్బాలో పెట్టి, ఆ సంగతి కూడా రాసి సంతకం చేయాలి. నోటుబుక్‌లో మొదటి పేజీని మాత్రం ఏ మార్పూ చేయని బండి వేగానికి, అది ఆగిన దూరానికి విడిచిపెట్టాలి.